118 కిలోల మనిషి, 120 కిలోల మిషన్

మా బావ బరువెంతో తెలుసుకోవడానికే రెండు రోజులు పట్టింది. ఇంట్లో ఉన్న గాజు వెయింగ్ మిషన్ ఒకసారి 109 అంది, ఇంకోసారి 121 అంది, మూడోసారి అంకెలు మానేసి గీతలు చూపించింది. చివరికి తన సిమెంటు దుకాణం పక్కన పాత ఇనుము కొనేవాళ్ల కాంట ఎక్కాడు. 118. "రెండు బస్తాలు, మీద పద్దెనిమిది కిలోలు" అని తన లెక్కలో తనే చెప్పుకుని నవ్వాడు.

మిషన్ కొనేముందు చేయాల్సిన పని అది. మేము కొన్నాక చేశాం. అప్పటికే అక్క ఆన్‌లైన్‌లో ఒక క్రాస్ ట్రైనర్ తెప్పించింది. కొందరు ఎలిప్టికల్ అంటారు, రెండూ ఒకటే: నిలబడి పెడళ్లు తొక్కుతూ, చేతులతో రెండు కడ్డీలు ముందుకూ వెనక్కీ ఆడించే మిషన్. డబ్బా మీద '120 కిలోల కెపాసిటీ' అని ఉంది. 118 కన్నా 120 ఎక్కువే కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. మూడో నెలకు ఎడమ పెడల్ కింద కిర్రుమనడం మొదలైంది. నాలుగో నెలకు కింద పోర్షన్ వాళ్లు పైకొచ్చి అడిగారు. కంపెనీకి ఫోన్ చేస్తే మొట్టమొదటి ప్రశ్న: "తొక్కే వారి బరువెంత సార్?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. అర్థమయ్యాక బావ కోసం రెండో మిషన్ వెతకడంలో నేను అసలు ఆ కెపాసిటీ అంకెను చివరన చూశాను.

ముందు ఒక మాట. నడవొచ్చు కదా, మిషన్ ఎందుకు? బావ నడిచాడు. మా హనుమకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద రెండు నెలలు. రెండో కిలోమీటరుకు మోకాలు పట్టేసేది. మేలో మన దగ్గర ఏడు దాటితే ఎండ నెత్తికెక్కుతుంది. నడకలో కాలు నేలకు ఆనిన ప్రతిసారీ శరీరం బరువు కన్నా కాస్త ఎక్కువ భారం పడుతుంది, పరుగులో రెండు నుంచి మూడు రెట్లు. 118 కిలోల మనిషి పరుగెత్తితే పాదం కింద పడే దెబ్బ మూడు వందల కిలోలు దాటొచ్చు. క్రాస్ ట్రైనర్‌లో పాదం పెడల్ మీంచి లేవదు. లేవదు కాబట్టి పడదు, పడదు కాబట్టి దెబ్బ లేదు. దీని గొప్ప అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. బరువు మాత్రం ఎక్కడికీ పోదు. సైకిల్‌లో సీటు మోస్తుంది, ఇందులో కాళ్లే మోయాలి.

మోకాళ్ల అరుగుదల ఉన్న అధిక బరువు పెద్దవాళ్ల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని అందులో తేలింది. ఐదు కిలోలు తగ్గినా ఇరవై కిలోల భారం తగ్గినట్టు. బావను మిషన్ ఎక్కించింది ఈ లెక్కే, డాక్టరు మాట కాదు. వ్యాపారం చేసే మనిషికి ఒకటికి నాలుగు అంటే వెంటనే ఎక్కుతుంది.

ఇప్పుడు ఆ 120 దగ్గరికి వద్దాం. కంపెనీ రాసింది అబద్ధం కాకపోవచ్చు. అంత బరువున్న మనిషి ఎక్కితే ఫ్రేము వంగదు, విరగదు అన్నంతవరకే ఆ అంకె. అంత బరువుతో రోజూ తొక్కితే ఏడాది తర్వాత కూడా చప్పుడు లేకుండా తిరుగుతుందా అన్నదానికి అందులో జవాబు లేదు. బావకు ఇది నేను లారీతో చెప్పాను. సిమెంటు లోడు లారీ రోడ్డు పక్కన ఆగి ఉంటే కమాన్ పట్టీలకు, అంటే కింద బరువు మోసే స్ప్రింగు పట్టీలకు, ఏమీ కాదు. అదే లోడుతో గుంతలో దిగినప్పుడు విరుగుతాయి. బరువు అదే, కానీ కదులుతోంది. "మరి గది ముందే చెప్పరాదా బామ్మర్దీ" అన్నాడు. ముందు నాకూ తెలియదు.

క్రాస్ ట్రైనర్‌లో మనిషి బరువంతా ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతూ ఉంటుంది. నిమిషానికి యాభై చుట్లు, ఇరవై నిమిషాలు తొక్కితే వెయ్యి చుట్లు. నెలకు ముప్పై వేల సార్లు ఎడమ జాయింటు మీద, ముప్పై వేల సార్లు కుడి జాయింటు మీద దాదాపు మొత్తం బరువు పడి లేస్తుంది. పైగా పెడల్ ఆ జాయింటుకు సరిగ్గా పైన ఉండదు, పక్కకు ఉంటుంది. అందుకని బరువు కిందికి నొక్కడమే కాదు, జాయింటును మెలిపెడుతుంది కూడా. ఎడ్లబండి ఇరుసు అరిగేది ఎప్పుడూ ఒక పక్కకే కదా, ఇదీ అంతే.

మా మొదటి మిషన్‌ను చివరికి నేనే విప్పాను. పెడల్ కడ్డీ తిరిగే చోట గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. లోపల ఉన్నది ఇనుప గుండ్ల మీద తిరిగే బేరింగ్ కాదు, నల్లటి ప్లాస్టిక్ బుష్, అంటే ఉత్త గొట్టం లాంటి తొడుగు. ఒక పక్క కాగితం మందానికి అరిగి, గ్రీజు నల్లటి మసిలా మారిపోయి ఉంది. దాన్ని లేత్ షాపుకు తీసుకెళ్తే ఆయన వేలితో ఒకసారి తడిమి, "ఇది ఆటబొమ్మలకు వేసే బుష్ సార్" అని గన్‌మెటల్ అనే కంచు రకం లోహంతో కొత్తవి తిప్పి ఇచ్చాడు. ఆ తర్వాత మిషన్ ఐదు నెలలు కిర్రుమనలేదు. దాంతో మిషన్లకు పేరు కన్నా జాయింట్లు ముఖ్యమని నాకు తెలిసొచ్చింది.

కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న: తిరిగే చోటల్లా బేరింగులా, బుష్‌లా? అమ్మే అబ్బాయికి తెలియకపోవచ్చు. అప్పుడు మీరే చూసుకోవచ్చు. పెడల్‌ను చేత్తో పట్టుకుని పక్కలకు ఊపండి. కొత్త మిషన్‌లోనే కొద్దిగా ఆడుతుంటే ఆరు నెలల తర్వాత ఎట్లుంటుందో ఊహించుకోండి. క్రాంక్, అంటే చక్రం ఇరుసును పెడల్ కడ్డీతో కలిపే చేయి, ఎంత మందం ఉందో చూడండి. బావ లాంటి మనిషికి దాని వెల్డింగు కూడా ఒకసారి కంటితో చూడటం మంచిది.

రెండో విషయం నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. పాదం తిరిగే దారి. ప్రికోర్ అనే అమెరికా కంపెనీ 1995లో ఈ మిషన్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు దాని అసలు ఆకర్షణ ఆ దారే: పరుగులో పాదం గాలిలో గీసే సాగిన గుండ్రాన్ని ఇనుముతో గీయడం. కానీ చవక మిషన్లలో ఆ దారి సాగదు. పొట్టిగా, నిలువుగా ఉంటుంది. కారణం సులువే. మామూలు ఇంటి మిషన్‌లో పెడల్ కడ్డీ ఒక కొస క్రాంక్‌కు బిగించి ఉంటుంది, రెండో కొస ముందు ఊగే కడ్డీకి. క్రాంక్ ఎంత పొడవో దానికి రెట్టింపు దూరం మీ పాదం ముందుకూ వెనక్కీ పోతుంది. ఆరంగుళాల క్రాంక్ అయితే పన్నెండు అంగుళాలే. దీన్నే కంపెనీలు స్ట్రైడ్ అంటాయి. అది పెరగాలంటే క్రాంక్ పెరగాలి, క్రాంక్ పెరిగితే మిషన్ మొత్తం పొడవు కావాలి, ఇనుము ఎక్కువ పడుతుంది, ధర పెరుగుతుంది. 'చిన్న చోటులో సరిపోతుంది' అని మురిపించే మిషన్లన్నీ అందుకే పొట్టి స్ట్రైడ్‌వే.

పాదం ఎంత ఎత్తు లేస్తుందనేది ఇంకో లెక్క. పెడల్ క్రాంక్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువ లేస్తుంది, ముందు కడ్డీ వైపు జరిగితే తక్కువ లేస్తుంది. స్ట్రైడ్ పొట్టిగా ఉండి లేపు ఎక్కువైతే నడిచినట్టు ఉండదు, మెట్లెక్కినట్టు ఉంటుంది. మోకాలు ఎక్కువ మడవాలి. బరువున్న మనిషికి ఇంకో తిప్పలు, తొడ పైకి లేచినప్పుడు పొట్టకు తగులుతుంది. బావ మొదటి మిషన్ మీద వెనక్కి వంగి తొక్కేవాడు, నడుం నొప్పి అనేవాడు. నడుం తప్పేమీ లేదు. పొట్టకు చోటిస్తున్నాడంతే.

దీన్ని కొలవడానికి టేపు, సుద్దముక్క చాలు. పెడల్ అన్నిటికన్నా ముందుకు వచ్చినప్పుడు దాని ముందు అంచుకు సూటిగా నేల మీద గీత పెట్టండి, వెనక్కి పోయినప్పుడు అదే అంచుకు ఇంకో గీత. మధ్య దూరం స్ట్రైడ్. అట్లాగే పెడల్ పైన ఉన్నప్పుడూ, కింద ఉన్నప్పుడూ నేల నుంచి ఎత్తు కొలిచి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే లేపు. ఐదడుగుల మూడంగుళాల మనిషికి పద్నాలుగు నుంచి పదహారు అంగుళాల స్ట్రైడ్ సర్దుకుపోతుంది. బావ ఐదడుగుల పది. ఆ ఎత్తుకు పద్దెనిమిదికి తగ్గితే నేనైతే వద్దంటాను. ఒక జాగ్రత్త: పెడల్ పొడవే పద్నాలుగు పదిహేను అంగుళాలు ఉంటుంది. ఒక షాపులో దాన్నే కొలిచి చూపించి స్ట్రైడ్ అన్నారు. పాపం, నిజంగానే అట్లా అనుకున్నారు.

ఫ్లైవీల్, అంటే మిషన్ లోపల తిరిగే బరువు చక్రం, దాని సంగతి చూద్దాం. ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేసేది దీన్నే: నాలుగు కిలోలు, ఆరు కిలోలు, పది కిలోలు. కుమ్మరి సారె బరువుగా ఉంటే ఒకసారి తిప్పాక చాలాసేపు తిరుగుతుంది కదా, ఇదీ అదే పని. చక్రం తేలికైతే పెడల్ పైకి, కిందికి వచ్చిన చోట ఆగినట్టయి జర్కు వస్తుంది. బరువున్న మనిషికి ఆ జర్కు మోకాలికి బాగా తెలుస్తుంది. కానీ కిలోలు ఒక్కటే చూస్తే మోసపోతాం. చక్రంలో దాగే శక్తి బరువుతో పాటు వేగం మీదా ఆధారపడుతుంది, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఒకే సైజు చక్రాలు తీసుకుంటే, బెల్టు ద్వారా రెండింతల వేగంతో తిరిగే ఐదు కిలోల చక్రం నెమ్మదిగా తిరిగే పది కిలోల చక్రం కన్నా రెట్టింపు దాచుకుంటుంది. అందుకే ఇక్కడ అంకెను నమ్మకండి, కాలిని నమ్మండి. ఎక్కి చాలా నెమ్మదిగా, నిమిషానికి ముప్పై చుట్లకు మించకుండా తొక్కండి. ఆ వేగంలో కూడా సాఫీగా పోతే చక్రం మంచిదే.

తొక్కుడు గట్టిగా, తేలికగా మార్చే ఏర్పాటు అయస్కాంతాలతో ఉన్నదే తీసుకోండి. అయస్కాంతం చక్రానికి తగలకుండానే దాన్ని నెమ్మదింపజేస్తుంది, అరుగుదల ఉండదు. పదహారు లెవెళ్లా, ఎనిమిదా అన్నది పట్టించుకోకండి. బావ ఏడాదైనా ఐదు దాటలేదు. ఇలాంటి మిషన్లు చాలావాటికి కరెంటు కూడా అక్కర్లేదు, తెరకు రెండు సెల్లులు వేస్తే చాలు. కరెంటు పోతే ట్రెడ్‌మిల్ ఆగిపోతుంది, ఇది ఆగదు. బరువైన మనిషి కింద బెల్టు లాగలేక మోటారు వేడెక్కే గొడవా లేదు.

మిషన్ సొంత బరువు మాత్రం తప్పక అడగండి. చవకవి ముప్పై, ముప్పై ఐదు కిలోలే ఉంటాయి. దాని మీద 118 కిలోల మనిషి ఎక్కి పక్కపక్కలకు బరువు మారుస్తుంటే నాటుపడవలో నిలబడినట్టే. నా మోటు లెక్క ఇది, ఏ పుస్తకంలోదీ కాదు: మిషన్ బరువు మనిషి బరువులో కనీసం సగం ఉండాలి. కెపాసిటీ అంకె మనిషి బరువు కన్నా పాతిక కిలోలైనా ఎక్కువ ఉండాలి. బావకైతే 145 నుంచి 150. వెనకా ముందూ ఉన్న అడ్డ కాళ్లు వెడల్పుగా ఉండాలి, నేల ఎగుడుదిగుడుగా ఉంటే సర్దడానికి వాటి కొసల్లో తిప్పే గుండీలు ఉండాలి.

ఎక్కడం దిగడం గురించి ఎవరూ మాట్లాడరు. దెబ్బలు తగిలేది అక్కడే. ఈ మిషన్‌కు బ్రేకు ఉండదు. పైనున్న పెడల్ మీద కాలు పెడితే అది ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఎప్పుడూ కిందున్న పెడల్ మీదే ముందు కాలు పెట్టాలి. ఊగే కడ్డీలను కాదు, మధ్యలో కదలకుండా ఉండే హ్యాండిల్‌ను పట్టుకోవాలి. షాపులో చూసేటప్పుడు ఆ హ్యాండిల్‌కూ మీ పొట్టకూ మధ్య జాగా ఉందో లేదో చూసుకోండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. మేము షాపుకు పోయిన రోజు బావ ఐదు మిషన్లు ఎక్కితే రెండింటి మీద పొట్ట మధ్య కంబానికి ఆనింది. "గివి బక్కోళ్లకు చేసినయ్" అని దిగేశాడు. అంతకు మించిన రివ్యూ నేను ఎక్కడా చదవలేదు.

ఇంట్లో చోటు. మన ఇళ్లలో స్లాబు పదడుగులు ఉంటుంది, దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బంది సజ్జతో. బెడ్‌రూంలో సామాన్లు పెట్టుకునే సజ్జ సాధారణంగా ఏడడుగుల ఎత్తులో ఉంటుంది. పెడల్ పైకి వచ్చినప్పుడు నేల నుంచి పదిహేను అంగుళాలు, మనిషి ఐదడుగుల పది, కలిపితే ఏడడుగులు దాటింది. సజ్జ కింద పెడితే తల పగులుతుంది. హాల్లో, కిటికీ పక్కన, ఫ్యాను గాలి తగిలే చోట పెట్టుకోండి. కింద పోర్షన్ వాళ్ల కోసం మందపాటి రబ్బరు మ్యాటు వేయండి. స్లాబు ఆగుతుందా అని అక్క టెన్షన్ పడింది. మిషన్, మనిషి కలిపినా ఇద్దరు ముగ్గురు చుట్టాలు వచ్చి నిలబడినంత బరువే.

మాన్యువల్‌లో ఐఎస్ఓ 20957 అనో, పాత మిషన్లయితే ఈఎన్ 957 అనో కనిపిస్తుంది. వ్యాయామ మిషన్లకు అంతర్జాతీయంగా ఉన్న భద్రతా ప్రమాణం అది, అందులో తొమ్మిదో భాగం ఈ మిషన్ల కోసమే. పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. 'హెచ్' అంటే ఇంటి వాడకానికి, 'ఎస్' అంటే జిమ్ములకు. రెండో అక్షరం తెర చూపించే లెక్కల ఖచ్చితత్వం: ఏ, బీ, సీ. ఇంటి మిషన్ల మీద ఎక్కువగా కనిపించేది 'హెచ్‌సీ'. సీ అంటే అన్నిటికన్నా తక్కువ. అంటే తెర మీద 300 కేలరీలు అని వస్తే దాన్ని నమ్మి సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగొద్దు. తొక్కుతున్నది ఎన్ని కిలోల మనిషో కూడా చాలా మిషన్లకు తెలియదు.

డబ్బుల దగ్గరికి వస్తే నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. 110 కిలోలు దాటిన మనిషికి పది పదిహేను వేల క్రాస్ ట్రైనర్ కొనడం దండగ. అంతే బడ్జెట్ ఉంటే వీపు ఆనించుకుని కూర్చుని తొక్కే సైకిల్ కొనండి. బరువు సీటు మోస్తుంది, జాయింట్లు నిలుస్తాయి. మోకాలు ఇప్పటికే వాచి ఉన్నవాళ్లకు ఎంత డబ్బున్నా అదే మేలు. క్రాస్ ట్రైనరే కావాలంటే ఇంకో దారి ఉంది. మూసేసిన జిమ్ములు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లు అమ్మేసే పాత జిమ్ మిషన్లు. వంద కిలోల పైన ఉంటాయి, రోజంతా పది మంది తొక్కినా తట్టుకునేలా చేసినవి. బావకు మేము తెచ్చింది అదే, హైదరాబాద్ నుంచి సిమెంటు వేసుకొచ్చే బండిలోనే. మెట్ల మీద ఎక్కించడానికి నలుగురు హమాలీలు కావాల్సి వచ్చింది. దానికి ఇచ్చిన కూలీ కూడా ధరలో కలుపుకోండి. పాతది కొనేటప్పుడు ఖాళీగా తిప్పి చూడటం కాదు, బరువున్న మనిషే ఎక్కి పది నిమిషాలు తొక్కాలి. చప్పుడు బరువు పడితేనే బయటపడుతుంది.

కొత్తది కొంటే వారంటీ కాగితంలో మూడు సంగతులు చూడండి. ఫ్రేముకు ఎన్నేళ్లు, తిరిగే భాగాలకు ఎన్నేళ్లు, సర్వీస్ మనిషి ఎక్కడి నుంచి రావాలి. మా మొదటి మిషన్‌కు ఫ్రేముకు బోలెడంత వారంటీ ఉంది, అరిగే భాగాలకు లేదు. అరగని దానికి హామీ ఇవ్వడం సులువే. సర్వీస్ మనిషి 145 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ నుంచి రావాలి, రాలేదు. మేము ఊరుకున్నాం కానీ మీరు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. కాకపోతే రాసిన పరిమితి కన్నా మీ బరువు ఎక్కువుంటే వాళ్లు మొదట అడిగేది మాకు అడిగిన ప్రశ్నే.

వాడకం గురించి ఎక్కువ చెప్పను. బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ అంకె చూసి మొదటి రోజే అరగంట తొక్కితే రెండో రోజు మంచం దిగలేరు. బావ మూడు నిమిషాలతో మొదలుపెట్టాడు, పొద్దున మూడు, రాత్రి మూడు. తొక్కుతూ మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట తెగిపోతుంటే తగ్గించాలి. బీపీకి వాడే కొన్ని మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కాబట్టి హ్యాండిల్ మీద వచ్చే గుండె అంకె కన్నా ఈ మాట పరీక్షే నయం. పది నిమిషాలకు అరికాళ్లు తిమ్మిర్లెక్కితే కంగారు పడొద్దు. పాదం లేవకుండా ఒకే చోట నొక్కుకుంటుంది కాబట్టి అట్లా అవుతుంది. బూట్ల లేసులు కాస్త వదులు చేసి, మధ్యలో మడమలు కొద్దిగా లేపి దించితే పోతుంది. రోజూ పోకపోతే డాక్టరుకు చెప్పాలి, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లు.

నెలకోసారి బోల్టులన్నీ బిగించాలి. ఇది మానేస్తే ఎంత మంచి మిషనైనా కిర్రుమంటుంది. కుడి పక్కవి మామూలుగానే బిగుస్తాయి. ఎడమ పెడల్ వైపు మాత్రం కొన్ని మిషన్లలో, సైకిల్ ఎడమ పెడల్‌లాగే, మర ఎదురు తిరిగి ఉంటుంది. తొక్కుతుంటే ఊడిపోకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. తెలియక బలవంతంగా మామూలు దిక్కుకు తిప్పితే మర చెడిపోతుంది.

మొన్న ఆదివారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. వెనక పానా కింద పడిన చప్పుడు వినిపించింది.

"బామ్మర్దీ, ఎడమ దిక్కుది ఎటు తిప్పాలె?"

"ఎదురు తిప్పు బావా."

"తిప్పిన. బిగిసింది. 109 ఉన్న ఇప్పుడు. కాంట మీదనే చూసిన, మీ అక్క గాజుదాని మీద కాదు."